సుగుణ ఆంటీ ఇంట్లో తిలకం సీసా

మూత తిప్పగానే కర్పూరమూ గులాబీ అత్తరూ కలిసినట్టు, దాని వెనక ఏదో పాత మందులాగా, సన్నగా ఒక వాసన వస్తుంది. సీసా నా బొటనవేలంత ఉంటుంది. లోపలి ఎరుపు ఎప్పుడో ఎండిపోయి గాజుకు పెంకు కట్టింది, మూతకుండాల్సిన పుల్ల విరిగి అందులోనే ఉండిపోయింది. ఇది మా ఇంట్లోది కాదు. జన్మలో బొట్టు పెట్టుకోని మనిషి ఇంట్లో ఇన్నేళ్లూ ఉంది. ఎందుకుందో ఇప్పుడు నాకు తెలుసు, అయినా తీసిన ప్రతిసారీ ఇంకోసారి వాసన చూస్తాను. నాది చిన్నప్పటి నుంచీ అనుమానపు బుద్ధి.

ఆ బుద్ధి మా నాయనమ్మ నాకు ఉగ్గుపాలతో పట్టించింది. శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి వచ్చి, భిలాయి ఉక్కు కర్మాగారం టౌన్‌షిప్పులో, సెక్టర్ సెవెన్‌లోని మా నాన్న క్వార్టర్లో ఉండేది. పాలవాడు పోసిన పాలచుక్కని గోటి మీద వేసుకుని జారుతుందా నిలుస్తుందా అని చూసేది, చాకలి తెచ్చిన మూట విప్పి నా చేత రెండుసార్లు లెక్క పెట్టించేది, పక్కింటివాళ్లు పెట్టిన హల్వాని ముందు ముక్కుతో తిని తర్వాత నోట్లో వేసుకునేది. తొమ్మిదేళ్లకే నేను ఆవిడకి కుడిభుజాన్ని. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎంతసేపున్నారో, వెళ్లేటప్పుడు మొహం ఎలా ఉందో చెప్పడం నా పని, ఆ పనికి కూలీ ఒక బెల్లంముక్క.

డిసెంబరులో బడికి బడా దిన్ సెలవులు, అంటే క్రిస్మస్ సెలవులు, ఇచ్చేవారు. చలికి ఇళ్ల ముందు సిగ్డీ కుంపట్లు వెలిగేవి, బొగ్గుపొగ మా లైను చివరిదాకా తెరలా పాకేది, ఎండెక్కాక ఆడవాళ్లు మంచాలు బయటికి లాగి పచ్చిబఠానీలు ఒలుస్తూ స్వెటర్లు అల్లేవారు, మేము నారింజతొనలూ నల్లుప్పు అద్దిన జాంపళ్లూ తింటూ, పెంకులు పేర్చి పిట్టూ ఆడుతూ, ప్లాంటు సైరన్ కూతని బట్టి ఎవరి నాన్న ఏ షిఫ్టు దిగుతున్నాడో పందేలు కాసేవాళ్లం. రెండు రోజులకే ఆ సందడి అణిగిపోయేది. హోల్డాళ్లూ మరచెంబులూ కట్టుకుని ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని విజయనగరం వైపు పుట్టిళ్లకి వెళ్లిపోయేవారు. మేమూ ఏటా బొబ్బిలి దగ్గర మా అమ్మమ్మ దగ్గరికి వెళ్లేవాళ్లం.

ఆ ఏడు వెళ్లలేదు. వానాకాలంలో అమ్మమ్మ పోయింది. ఉన్న ఒక్క మావయ్యా దినకర్మలైన తర్వాత ఉత్తరం ముక్క రాయలేదు, సెలవులకి రమ్మనలేదు. ఎదురింటికీ పక్కింటికీ తాళాలు పడ్డాక అమ్మ గుమ్మంలో కూర్చుని ఆ తాళాల వైపే చూసేది. కళ్లనీళ్లు తిరిగితే నాయనమ్మ ఊరుకునేది కాదు.

"దీపాలెట్టే యేళ ఇంటి కోడలు ఏడిస్తే లచ్చిమి నిలవదు," అనేది.

పొద్దున ఏడిస్తే, పొద్దున్నే ఏడుపేటి అనేది. నాన్న మంచివాడే గానీ ప్లాంటులో తను పనిచేసే మిల్లు నుంచి వచ్చి తిని పడుకోవడమే ఆయనకి తెలుసు.

మా లైనులో తాళం పడని ఇల్లు ఇంకొకటుంది, సుగుణ ఆంటీది. వాళ్లాయనది కూడా నాన్న పనిచేసే మిల్లే. వాళ్లు క్రైస్తవులు, ఆంటీ నుదురు ఎప్పుడూ కడిగిన పలకలా ఉండేది. గుమ్మంలో కాగితం నక్షత్రం కడుతూ అమ్మని చూసి లోపలికి పిలిచింది. మర్నాడు మధ్యాహ్నం మూడింటికి అమ్మ మళ్లీ వెళ్లింది. ఆ తర్వాత రోజూ వెళ్లింది. వచ్చేటప్పుడు కళ్లు ఉబ్బి ఉండేవి కానీ మొహం తేటగా ఉండేది, ఆ తేటదనం మీదే నాకు అనుమానం. అక్కడి నుంచి వచ్చిన కేకుముక్కని నాయనమ్మ ఆవుకి పెట్టమంది. నేను స్నానాలగదిలో తినేసి, ఏమన్నా మారిపోయానేమోనని అద్దంలో చూసుకున్నాను.

నాయనమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "ఓలే గుంటా, ముందు బొట్టు తీయించీస్తారు, తరవాత గాజులు, ఆ తరవాత పేరు మార్చీస్తారు. నువ్వు మీయమ్మ బొట్టు మీద ఓ కన్నెయ్యి."

వేశాను. రోజూ మూడింటికి ఒకసారి, నాలుగింటికి ఒకసారి చూసేదాన్ని. బొట్టు ఉన్నచోటే ఉండేది. నాకు నిరాశగా కూడా ఉండేది.

ఆరోరోజు నాన్నకి వీక్లీ ఆఫ్, ఇంట్లోనే ఉన్నాడు. నేను ఆంటీవాళ్ల వెనక కిటికీ దగ్గర బొప్పాయిచెట్టు చాటున నిలబడ్డాను. ఆంటీ నల్లట్ట పుస్తకంలోంచి, మా తెలుగుపాఠంలో కూడా ఉండనంత పాత తెలుగులో, మెల్లగా చదువుతోంది. అలసిపోయినవాళ్లని ఎవరో తన దగ్గరికి రమ్మంటున్నారన్న సంగతి ఒక్కటే నాకర్థమైంది. అమ్మ చాప మీద మోకరించి, నుదురు నేలకి ఆనించి ఏడుస్తోంది. ఆంటీ ఆపమనలేదు. అమ్మ వీపు మీద చెయ్యి వేసి కూర్చుంది. అమ్మ తలెత్తేసరికి నుదుటి మీద ఏమీ లేదు.

నేను పరుగెత్తాను. "నాయనమ్మా, అమ్మకి బొట్టు తీయించీసారు."

అమ్మ వచ్చేసరికి ముగ్గురం గుమ్మంలో ఉన్నాం. అమ్మ నుదుటి మీద బొట్టు ఉంది, గుండ్రంగా, చక్కగా. నాన్న నా వైపు చిరాగ్గా చూశాడు. అప్పుడు నేను ఊరుకుని ఉంటే అక్కడితో పోయేది. ఊరుకుంటే నేనెందుకవుతాను.

"పొద్దున్నది కుంకం నాన్నా. ఇది తిలకం. మనింట్లో తిలకం లేదు."

నాయనమ్మ దగ్గరికొచ్చి వేలితో ముట్టుకుంది. ఇంకా తడి ఆరలేదు. "సూసావురా, తీసీసి మళ్లీ ఎట్టీసుకొచ్చింది. ఇంట్లో ఉంటూ దొంగయేసం," అంది.

అమ్మ నాన్నతోనే మాట్లాడింది. "ఆవిడేటీ తీయించలేదు. అక్కడ కూకుంటే ఏడుపొస్తది. ఏడిస్తే ఎవులూ ఏటీ అనరు. పైన ఒకాయన ఇంటాడంటది, నాకూ ఇన్నట్టే ఉంటది. అంతే."

నాన్న చెప్పుల వైపు చూస్తూ, "ఇంక అటెల్లకు," అన్నాడు.

అమ్మ లోపలికి వెళ్తూ నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపులో కోపం ఉంటే నేనీపాటికి మరిచిపోయేదాన్ని. నాయనమ్మ ఇచ్చిన బెల్లంముక్క ఆ రోజు కరగలేదు, పక్కింటి గోడ మీద పెట్టేశాను.

అమ్మ మళ్లీ వెళ్లలేదు. ఏటా బడా దిన్ సెలవుల్లో మాత్రం, మధ్యాహ్నం మూడు కాగానే వంటింట్లో గోడవైపు తిరిగి బియ్యం ఏరేది. పెదవులు కదిలేవి. ఏరిన బియ్యమే మళ్లీ ఏరేది. నేను చూశాను, ఎవరికీ చెప్పలేదు. మంచిదాన్నయ్యానని కాదు, ఆ చూపు మళ్లీ పడుతుందని భయం.

అమ్మ పోయి నాలుగేళ్లయింది. పోయిన డిసెంబరులో సుగుణ ఆంటీని చూడడానికి భిలాయి పక్కనున్న ఉతై వెళ్లాను, కూతురి దగ్గర ఉంటోంది. కళ్లు మసకలు, నన్ను గొంతుబట్టి గుర్తుపట్టింది. ట్రంకుపెట్టె తీయించి, గుడ్డలో చుట్టిన ఈ సీసా నా చేతిలో పెట్టింది.

"మీయమ్మది. దండమెట్టడానికి వంగితే కుంకం చెరిగిపోయీది. అలగే పంపితే మీవోళ్లు ఊరుకోరు కదా. నానే బజారుకెళ్లి కొన్నాను. రోజూ అద్దమిచ్చి, ఎట్టుకుని ఎల్లమనీదాన్ని."

కొట్టువాడు ఆవిడ బోసినుదురు చూసి నవ్వాడట. తర్వాత ఇంటికొచ్చిన చర్చి సంఘంవాళ్లు అద్దం వెనక సీసా చూసి, సుగుణమ్మ చాటుగా బొట్టు పెట్టుకుంటోందని చెవులు కొరుక్కున్నారట.

"మరెందుకు పారెయ్యలేదు ఆంటీ?" అన్నాను. ఆ అడగడంలోనూ అనుమానమే ఉంది.

"మళ్లీ వస్తదేమోననీసి ఉంచాను," అంది.

ఆ దారిలోనే సెక్టర్ సెవెన్ వెళ్లాను. సిగ్డీలు లేవు, మంచాలు బయటికి రావు, మా క్వార్టర్లో ఎవరో తలుపు సగమే తీసి ఎవరు కావాలని హిందీలో అడిగారు. నేనూ అలాగే అడిగేదాన్ని. బొప్పాయిచెట్టు ఉన్నచోట స్కూటరు నిలబడి ఉంది.

సీసాని దీపం దగ్గర పెట్టి చూస్తే ఎరుపు మెడదాకా ఉంది. పైన సన్నటి గీతంత మాత్రమే ఖాళీ. అమ్మ వాడుకున్నది ఆ కాస్తే, ఆరు మధ్యాహ్నాలు. మిగిలిందంతా నా మాట వల్ల ఎండిపోయింది.