వదిన చూపించిన ప్యారిస్ మహలు

మొన్న ఆదివారం మా అమ్మాయి పోరు పడలేక మ్యూజియంకి వెళ్ళాను. ఫ్రెంచి గది దగ్గర గైడ్ పిల్ల అందర్నీ గుమ్మంలోనే ఆపి, "ముందు ఒక్క మాట. ఇది ఒకరి ఇల్లు. అలా అనుకుని లోపలికి రండి" అంది. ఆ మాట మా వదినది!

అప్పట్లో అన్నయ్యావాళ్ళూ మేమూ అమెరికాలో, పార్సిప్పనీ అనే ఊళ్ళో ఒకే అపార్ట్‌మెంట్స్‌లో ఉండేవాళ్ళం. వదినది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయకూడదు. గుంటూరులో పదేళ్ళు హిస్టరీ పాఠాలు చెప్పిన మనిషి, "నోరు తుప్పు పడుతోందే" అని వాపోయేది. ఈ మ్యూజియంలోనే జీతం లేని గైడ్లు కావాలని తెలిసిందో లేదో, పట్టు పట్టి కూర్చుంది. పరీక్షలో చూపించమని ఆవిడకి అప్పగించింది ఈ ఫ్రెంచి గదే, ప్యారిస్‌లో ఒక దొరగారి మహలులోది. విప్లవంలో దొరగారు పారిపోయాడు, మహల్లో ఆఫీసులు పెట్టారు, చివరికి రోడ్డు కోసం కూలగొడుతుంటే ఎవరో అమెరికా కోటీశ్వరుడు ఒక గది చెక్క గోడలు కొని, ప్రతి పలక వెనకా నంబరేయించి ఓడెక్కించాడు. ఆ ఫ్రెంచి పేర్లన్నీ వదిన తెలుగులో రాసుకుని, పోపు వేస్తూ వల్లించేది. పప్పు మాడినా సరే, దొరగారు పారిపోవాల్సిందే! "ఎందుకొచ్చిన గోల నీకు?" అనేవాడు అన్నయ్య. మొదటి పరీక్షలో, పాఠం అప్పజెప్పినట్టుందని వెనక్కి పంపేశారు. ఇంటికొచ్చి ఏడ్చింది. ముక్కు చీదుకుని మళ్ళీ నోట్‌బుక్ తీసింది. "ఇంకొక్క ఛాన్స్ ఉంది. ఎలా కాదంటారో చూస్తా."

రెండోసారి నేనే డ్రైవ్ చేశాను. నా నల్ల బూట్లు కూడా అరువిచ్చాను. గది గుమ్మం రాగానే ఆవిడ అలవాటుకొద్దీ ఆ బూట్లు కాస్తా విడిచేసింది! సాక్స్ చిల్లులోంచి బొటనవేలు తొంగిచూస్తోంది. పరీక్ష పెట్టే పెద్దావిడ, బూట్లెందుకు తీశావని అడిగింది. చచ్చాంరా దేవుడా అనుకున్నాను. వదిన మొహం కందిపోయింది. వల్లించిందంతా మర్చిపోయిందని చూడగానే తెలిసింది.

"ఇది ఒకరి ఇల్లు కదండీ," అంది తన గుంటూరు ఇంగ్లిష్‌లో. ఇక ఆగలేదు. "ఆ గొళ్ళెం దగ్గర చూడండి, చేతులు తగిలి తగిలి బంగారు పూత పోయింది. ఇంటివాళ్ళు వెళ్ళిపోయారు. గోడలు నంబర్లేయించుకుని సముద్రం దాటాయి. మేమూ అట్టపెట్టెల మీద నంబర్లేసుకునే వచ్చాం." పెద్దావిడ రాసుకోవడం మానేసి వింటూ ఉండిపోయింది.

ఆ తర్వాత వదిన ఆ గదిని ఐదేళ్ళు చూపించింది. ప్రతిసారీ అందర్నీ గుమ్మంలో ఆపి ఆ మాట చెప్పాకే లోపలికి తీసుకెళ్ళేది; కొత్త గైడ్లు ఆవిడ వెంట తిరిగి నేర్చుకునేవాళ్ళు. అన్నయ్య ఉద్యోగం మారితే, మళ్ళీ పెట్టెలకి నంబర్లేసుకుని అమెరికా అవతలి కొసనున్న శాన్ రామన్ వెళ్ళిపోయారు.

మొన్న మ్యూజియం మెట్ల మీంచే వదినకి ఫోన్ చేసి చెప్పాను. "గుమ్మంలో ఆపే చెప్పిందా? లోపలికెళ్ళాక కాదుగా?" అని గట్టిగా అడిగింది. గుమ్మంలోనే అన్నాను. "అయితే సరే," అంది.

ఆ గదిని నేనెప్పుడు చూసినా ఒక్కలాగే ఉంది. ఇన్నేళ్ళు గడిచిపోయాయని, వదిన మాట వదిన పేరు కూడా తెలియని పిల్ల నోట విన్నాకే నాకు తెలిసింది.