హారన్ మోగని రెండు సీట్ల కారు

అది 2009 వసంతకాలం. మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో, మూడు బండ్లు పట్టే ఓ గ్యారేజ్‌లో నేను టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. విజయవాడ ఆటోనగర్‌లో పదకొండేళ్ళు బండ్ల కింద పడుకుని పని నేర్చుకున్నవాణ్ణి. మా అక్కయ్య పుణ్యమా అని గ్రీన్ కార్డు మీద ఈ దేశం వచ్చాను. ఇక్కడ మనవాళ్ళ పార్టీల్లో "మీరే కంపెనీ అండీ?" అని అడిగేవారు. "కంపెనీ కాదండీ, గ్యారేజ్. మెకానిక్‌ని" అనగానే మొహాలు కాస్త వాడిపోయేవి. కాసేపు అటూ ఇటూ చూసి, "మా కార్లో బ్రేకు కీచుమంటోందండీ" అని మొదలుపెట్టేవారు. నాకు ఒళ్ళు మండేది. అయినా ప్లేటు చేతిలో పట్టుకునే బ్రేకు సంగతంతా చెప్పేవాణ్ణి. పనంటే నాకంత పిచ్చి.

ఈ అనుభవం స్టీరింగ్‌ది కాబట్టి ముందు దాని గురించి నాలుగు మాటలు చెప్పాలి. చక్రం నడుమ మెత్తటి మూత ఉంటుంది చూడండి, అదే ఎయిర్‌బ్యాగ్. కారు దేన్నయినా గుద్దితే రెప్పపాటులో ఉబ్బే సంచి దాన్లో మడతపెట్టి ఉంటుంది. ఆ సంచి ఉబ్బాలంటే కరెంటు అందాలి. చక్రమేమో తిరుగుతూ ఉంటుంది. మామూలు వైరు పెడితే నాలుగు మలుపులకి తెగి ఊరుకుంటుంది. అందుకని క్లాక్ స్ప్రింగ్ అనే భాగం పెడతారు. చాప చుట్టినట్టు చుట్టిన పల్చటి రిబ్బన్ వైరు అది. అటు తిప్పితే బిగుసుకుంటుంది, ఇటు తిప్పితే వదులవుతుంది, తెగదు. ఇక హారన్. నేను చెప్పబోయే కారులో హారన్‌కి వేరే బటన్ లేదు. ఎయిర్‌బ్యాగ్ మూత మొత్తం చిన్న స్ప్రింగుల మీద కూర్చుని ఉంటుంది. అరచేత్తో నొక్కితే అది ఇసుమంత వెనక్కి జరిగి, లోపల రెండు రేకులు ఒకదానికొకటి తగిలి హారన్ మోగుతుంది.

ఓ శనివారం ఉదయం ఎర్రటి స్పోర్ట్స్ కారొకటి వచ్చి గ్యారేజ్ ముందు ఆగింది. రెండే సీట్లు, నేలకి జానెడెత్తున ఉంది. దిగింది తండ్రీ కూతుళ్ళు. తండ్రి ప్రభాకర్ గారు నాకు గుళ్ళో పరిచయం. కార్ల విడిభాగాలు చేసే ఓ కంపెనీలో వైరింగ్ ఇంజనీరు. ఆయన మాటకి మనవాళ్ళలో మంచి విలువ ఉండేది. కూతురు స్నిగ్ధకి ఇరవై మూడేళ్ళు. ఇక్కడే పుట్టి పెరిగింది. గంట ప్రయాణం దూరంలో, ఆన్ ఆర్బర్ అనే ఊళ్ళో ఓ ల్యాబ్‌లో కొత్తగా ఉద్యోగం. తన సొంత సంపాదనతో ఆ పాత కారు కొనుక్కుని నెలరోజులు కూడా కాలేదు.

"చూడండి శ్రీనుగారూ" అన్నారు ప్రభాకర్ గారు. "ఎయిర్‌బ్యాగ్ లైట్ ఆన్‌లో ఉంది. హారన్ మోగట్లేదు. స్టీరింగ్ తిప్పితే లోపల టకటక. స్పీడ్ మీద వెళ్ళి గుంటలో దించేసింది, ఇంకేం లేదు."

"నాన్నా! నేను ఏ పాట్‌హోల్ హిట్ చేయలేదు. ఎన్నిసార్లు చెప్పాలి?"

"మరి ఇవన్నీ ఊరికే వస్తాయా అమ్మా?"

విషయం ఏమిటంటే, స్పోర్ట్స్ కారు వద్దని ఆయన ముందునుంచీ మొత్తుకున్నారు. చివరికి ఇంట్లో ఓ ఒప్పందం కుదిరింది. అమ్మాయి దూకుడుగా నడిపి కారుకి ఏ దెబ్బ తగిలించినా మరుమాట లేకుండా అమ్మెయ్యాలి. ఇప్పుడు ఆ దెబ్బ తగిలిందా లేదా తేల్చమని నా దగ్గరికి వచ్చారు.

నేను చేసిన నిర్వాకం చెబుతాను. బండి బానెట్ కూడా ఎత్తకుండానే పెద్దమనిషి తరహాలో అందుకున్నాను. "అమ్మా, చలికాలం పోయాక మిషిగన్ రోడ్లు మంచుకి పగిలి ఎలా ఉంటాయో నీకు తెలీనిదేముంది? ఇంత కిందకుండే బండిలో నెమ్మదిగా పోవద్దూ?" అన్నాను. బండి రిపేరు వివరాలు రాసే జాబ్ కార్డులో కారణం అన్నచోట "గుంట దెబ్బ" అని రాసేశాను కూడా. ఇంజనీరు గారు చెప్పారు, ఇంకేం కావాలి!

ఆ పిల్ల కార్డు వైపు చూసింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అంకుల్, ఆ సౌండ్ ఫస్ట్ వీక్ నుంచే ఉంది. టెంపుల్‌లో కార్ పూజ చేశాం కదా, ఆ నెక్స్ట్ మండే నుంచి. కార్ సెల్ చేస్తే చేయనీ, ఐ డోంట్ కేర్. బట్ ఇంట్లో అందరూ నేను అబద్ధం చెప్తున్నా అనుకుంటున్నారు. అమ్మ కూడా."

"చూద్దాంలే అమ్మా" అన్నానేగానీ, ఆ మాట నా చెవికి ఎక్కనే లేదు. ఆమె కాఫీ తెస్తానని రోడ్డవతలికి వెళ్ళింది. ఆయన వెయిటింగ్ రూమ్‌లో కూర్చున్నారు.

బండిని లిఫ్ట్ మీద పైకెత్తి కిందంతా చూశాను. గుంటలో పడ్డ బండి దాచినా దాగదు. రిమ్ము వంగుతుంది, టైరు పక్కన బుడిపె లేస్తుంది, లేదంటే టై రాడ్, అంటే చక్రాన్ని స్టీరింగ్‌కి కలిపే కడ్డీ, వదులవుతుంది. ఏదీ లేదు. రోడ్డు మీద ఓ చుట్టు తిప్పితే స్టీరింగ్ నిటారుగా, నడుమన ఉంది. నాకు కాస్త గిల్టీగా అనిపించింది. బండి కంప్యూటర్‌ని చదివే స్కాన్ టూల్ తగిలిస్తే డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ సర్క్యూట్‌లో రెసిస్టెన్స్ ఎక్కువగా ఉందని కోడ్ వచ్చింది. అంటే ఎక్కడో కనెక్షన్ సరిగా అందట్లేదన్నమాట. సరే, క్లాక్ స్ప్రింగ్ పోయుంటుందిలే అనుకున్నాను.

ఎయిర్‌బ్యాగ్ విప్పేముందు బ్యాటరీ వైరు తీసి కాసేపు ఆగాలి. లోపల మిగిలిన కరెంటు దిగిపోవాలి, లేదంటే మొహం మీదే పేలుతుంది. అలా ఆగినప్పుడు స్టీరింగ్ చక్రం వెనకున్న రెండు బోల్టులు చూశాను. ఫ్యాక్టరీలో వాటికి పూసిన జిగురు చిట్లిపోయి ఉంది. ఎవరో విప్పారు! "ఏ దరిద్రుడు చేతులు పెట్టాడో" అని పాత యజమాని మెకానిక్‌ని తిట్టుకుంటూ మూత మెల్లగా పైకి లేపాను.

వెనకాల రాగి తాయెత్తు ఉంది.

చిటికెన వేలిలో సగం పొడుగున్న గొట్టం. ఎర్రదారంతో వైర్లకి కట్టి, పైన నల్ల గుడ్డ టేపు చుట్టి ఉంది. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఇంజన్లో ఎలక గూళ్ళు చూశాను, సీటు కింద పెళ్ళినాటి ఉంగరం చూశాను. స్టీరింగ్‌లో తాయెత్తు చూడ్డం అదే మొదలు. నవ్వొచ్చింది. ఆ తర్వాత దారం ఎక్కడిదాకా వెళ్ళిందో చూసి నా నవ్వు ఆగిపోయింది.

ఆ గొట్టం అడ్డుపడి మూత వెనక్కి జరగట్లేదు, అందుకే హారన్ మోగట్లేదు. చక్రం తిప్పినప్పుడల్లా గొట్టం లోపల కొట్టుకుంటోంది, ఆ టకటక అదే. దారం పోగొకటి ఎయిర్‌బ్యాగ్ కనెక్టర్‌లో ఇరుక్కుని దాని లాక్ పూర్తిగా పడలేదు, అందుకే లైటు వెలుగుతోంది. ఆ అమ్మాయి ఇన్నాళ్ళూ రోజూ ఆన్ ఆర్బర్ దాకా హైవే మీద వెళ్ళొచ్చింది. ఏదైనా జరిగి ఉంటే ఆ సంచి తెరుచుకునేదన్న నమ్మకం లేదు.

టేపు మళ్ళీ చూశాను. ప్రతి చుట్టూ కింది చుట్టు మీద సరిగ్గా సగం ఎక్కి ఉంది. గ్యారేజ్ వాళ్ళం ఎవరమూ అంత ఓపిగ్గా చుట్టం. రోజూ వైర్లతోనే బతికేవాళ్ళ చెయ్యి అది.

తలుపు దగ్గరికి వెళ్ళి పిలిచాను. "ప్రభాకర్ గారూ, ఒక్కసారి లోపలికి రండి."

ఆయన వచ్చి చూశారు. పక్కనున్న టైర్ల మీద కూలబడిపోయారు.

"గుంటూరులో మా అక్కయ్య పూజ చేయించి పంపింది" అన్నారు. "అమ్మాయికి కట్టుకోమంటే నవ్వుతుంది. పూజనాడు టైర్ల కింద నిమ్మకాయలు పెడుతుంటే మా ఆవిణ్ణి నేనే ఆటపట్టించాను. ఇప్పుడీ తాయెత్తు సంగతి ఏ మొహంతో చెప్పను? ఆ మర్నాడు ఆదివారం అందరూ షాపింగ్‌కి వెళ్ళినప్పుడు విప్పి పెట్టేశాను."

నాకు కోపం ఆగలేదు. "మీకు తెలీదాండీ? ఎయిర్‌బ్యాగ్ వైరింగ్ మీ పనే కదండీ! ఊళ్ళో ఇంకెవరైనా చేస్తే తెలీక చేశారనుకోవచ్చు."

"పదహారేళ్ళుగా చేస్తున్నాను, శ్రీనుగారూ. మనిషంత బొమ్మల్ని కూర్చోబెట్టి కార్లని గోడకేసి కొట్టే టెస్టు వీడియోలు ఎన్ని చూశానో లెక్కలేదు. ఆ కనెక్టర్ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది. కానీ ఈ కార్లో కూర్చునేది బొమ్మ కాదు కదండీ, నా కూతురు."

ఆ మాటకి నా కోపం సగం చల్లారింది. ఆయన లేచి గొంతు తగ్గించారు. "కనెక్టర్ వదులైందని రాసేయండి. అదీ నిజమే కదా. తాయెత్తు మాట అమ్మాయికి ఎందుకు?"

ఒక్క క్షణం తటపటాయించాను. పెద్దమనిషి, రేపు గుళ్ళో మళ్ళీ మొహాలు చూసుకోవాలి. కానీ కార్డు మీద నేను రాసిన "గుంట దెబ్బ" నన్నే వెక్కిరిస్తోంది. పెన్ను తీసి దాన్ని కొట్టేశాను.

"కారు నేను బాగుచేస్తానండీ. అరగంట పని. మీ అమ్మాయిని అబద్ధాలకోరు అన్నది మాత్రం మీరే సరిచేసుకోవాలి, అది నా వల్ల కాదు."

స్నిగ్ధ మూడు కాఫీలు పట్టుకుని వచ్చింది. నాకూ కలిపి తెచ్చింది పిచ్చితల్లి! తండ్రి చేతిలో తాయెత్తు చూసి, ఏమిటన్నట్టు ఇద్దరి వైపూ చూసింది. ఆయన అంతా చెప్పారు, ఏమీ దాచకుండా. ఆమె కప్పులు బల్ల మీద పెట్టింది.

"నువ్వు పెట్టావని నీకు తెలుసు కదా నాన్నా. లైట్ వచ్చినప్పుడు, అదేమో అని ఒక్కసారి కూడా అనుకోలేదా?"

ఆయన తాయెత్తుని పిడికిట్లో మూశారు.

"లేదమ్మా. నా చెయ్యి తప్పు చేస్తుందని తోచనే లేదు. తప్పంటూ జరిగితే నీ చేతే జరిగి ఉంటుందనుకున్నాను."

ఆమె బయటికి వెళ్ళి పార్కింగ్‌లో నిలబడింది. ఆయన వెనకాలే వెళ్ళబోతే నేనే ఆపాను. దారం పోగులన్నీ ఏరేసి, కనెక్టర్ లాక్ టిక్కుమనేదాకా నొక్కి, కొత్త బోల్టులు బిగించాను. లైటు ఆరిపోయింది. కోడ్ మళ్ళీ రాలేదు. హారన్ నొక్కి చూస్తే గ్యారేజంతా దద్దరిల్లింది. అప్పుడు నేనే బయటికి వెళ్ళాను.

"అమ్మా, నేను కూడా నీ మాట వినలేదు. బండి చూడకుండానే నీదే తప్పని రాసేశాను. సారీ తల్లీ."

"ఇట్స్ ఓకే అంకుల్" అంది. ఓకే కాదని మొహమే చెబుతోంది. కాసేపాగి లోపలికి వచ్చి తండ్రి చేతిలోంచి తాయెత్తు తీసుకుని హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది. "ఇది నాకు ఇచ్చుంటే పెట్టుకునేదాన్ని. నవ్వేదాన్ని, బట్ పెట్టుకునేదాన్ని. కారు అమ్మను నాన్నా" అని డ్రైవింగ్ సీట్లో కూర్చుంది. ఆయన తల ఊపి, అవతలి సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నారు.

ఈ వృత్తిలో చేతికి నేర్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. చెవికి నేర్పింది మాత్రం ఆ పిల్లే. చప్పుడు ఏ రోజు మొదలైందో ఆమె వారంతో సహా చెప్పింది. నేను వినివుంటే, పూజకీ ఆ సోమవారానికీ మధ్య బండిని ఎవరు ముట్టుకున్నారని ఒక్క ప్రశ్న అడిగేవాణ్ణి. అడగలేదు, ఎందుకంటే ఆయన ఇంజనీరు, ఆమె ఎర్రకారు కొన్న కుర్రపిల్ల. ఇప్పుడు ఏ బండి వచ్చినా ముందు నడిపే మనిషిని పక్కకి పిలిచి, చెప్పేది పూర్తయ్యేదాకా వింటాను. పక్క సీట్లో కూర్చున్నవాళ్ళు ఎంత పెద్దవాళ్ళైనా కాస్త ఆగమంటాను.