గేటు దాటిన ముగ్గురు

"మా పాప అసలు నడుస్తుందంటారా?"

ఆ పాత సైనిక పట్టణంలో మందిరాలు చూపించడానికి వచ్చిన ముసలాయనను, పేరైనా తెలుసుకోకుండా, నేను మొదట అడిగిన మాట ఇది. పాపకు పదహారు నెలలు. నిలబడుతుంది, అడుగు వేయదు. నేను జీవశాస్త్రం చదివాను. ఏ నెలకు ఏ కండరం బలపడాలో తెలుసు. తెలిసినకొద్దీ నిద్ర పట్టదు.

"నేను మందిరాలు చూపిస్తానమ్మా. కాళ్ల సంగతి డాక్టర్ని అడగాలి," అన్నాడాయన.

అందరూ ఆయన్ను బూర తాత అంటారు. ముప్పై ఒక్క ఏళ్లు దండులో బూర ఊదాడు. పొద్దున్నే వేలమందిని లేపి, తను వెళ్లి మళ్లీ పడుకునేవాడట. ఊదీ ఊదీ కుడిచెవి పోయింది. రిటైరయ్యాక, దండు గోడల లోపల ఉండిపోయిన మూడు మందిరాలను వచ్చినవాళ్లకు చూపించడం పనిగా పెట్టుకున్నాడు. ఒకటి ఫిరంగుల షెడ్డు వెనక, ఒకటి గుర్రాల శాలలో, మూడోది కవాతు మైదానం నడిమధ్యన. దానికోసం కవాతు రెండు పాయలుగా చీలి, అవతల మళ్లీ కలుస్తుందట.

"దేవుడు కదలడు, దండు ఆగదు. ఏం చేస్తాం," అన్నాడు తాత.

మేం లోపలికి వెళ్లేటప్పుడు కాపలా జవాను పుస్తకంలో ముగ్గురని రాసుకున్నాడు. నేను, మా ఆయన, తాత. నడిచేవాళ్లనే మనుషులుగా రాయాలని అక్కడ నియమం. చంకలో పాప లెక్కలోకి రాదు.

మూడో మందిరం మెట్ల దగ్గర పాపను దింపి చెప్పులు విప్పుకుంటున్నాను. తలెత్తేసరికి అది మట్టిలో నాలుగడుగుల దూరంలో ఉంది. ఇక ఆగలేదు. పడుతూ లేస్తూ గేటు దాకా నడిచే వచ్చింది.

అక్కడ జవాను ఆపాడు. "ముగ్గురు వెళ్లారు, నలుగురు వస్తున్నారు. ఈవిడ ఎవరు?"

"మా అమ్మాయి. చంకలో వెళ్లింది కదయ్యా," అన్నారు మా ఆయన.

"పుస్తకంలో లేదు సార్. లోపలికి వెళ్లని మనిషిని బయటికెలా పంపను? ఎత్తుకోండి, సరిపోతుంది."

నేను చేతులు చాచాను. తాత అడ్డం వచ్చాడు.

"ఎత్తుకోకమ్మా. రాకరాక వచ్చిన నడక." జవాను వైపు తిరిగాడు. "నీకు కావలసింది ముగ్గురేగా?"

"ముగ్గురే తాతా. ఎవరైనా పర్లేదు."

"అయితే బాబూ, కాస్త వంగు," అన్నాడు తాత మా ఆయనతో.

ఆయన వంగారు. డెబ్బై నాలుగేళ్ల తాత వీపెక్కి, మెడ చుట్టూ చేతులు వేసుకుని కూర్చున్నాడు. జవాను నియమాలు రెండుసార్లు చదివాడు. మోయించుకునేవాళ్ల వయసు గురించి అందులో ఏమీ లేదు. ముగ్గురని రాసి సెల్యూట్ కొట్టాడు. అది తాతకో పాపకో తెలియలేదు.

పాప అందరికంటే ముందు గేటు దాటింది. దాటగానే బోర్లా పడింది. నేను పరుగెత్తబోయాను.

"ఆగమ్మా," అన్నాడు తాత వీపు మీద నుంచే. "పడ్డప్పుడల్లా పది దాకా లెక్కపెట్టు. ఈలోగా లేస్తే నీతో పని లేదు. లేవకపోతే అప్పుడు వెళ్లు."

ఇప్పటికీ లెక్కపెడుతూనే ఉన్నాను. ఇంతవరకు ఏడు దాటలేదు.