పెరటి చింతతోపు, బావగారి సంతకం

మా అత్తగారింటి పెరట్లో పదకొండు చింతచెట్లున్నాయి. పాతపట్నానికి ఆటోలో వెళ్లిరాగలిగినంత దూరంలో ఊరు. ఏటా తొలకరి పడగానే ఆ చెట్ల మీద నత్తకొంగలు వందలుగా దిగుతాయి. గూళ్లు కట్టి, పిల్లల్ని లేపి, చలి మొదలయ్యాక వెళ్లిపోతాయి. అవున్నన్నాళ్లూ బట్టలారేయడానికి లేదు, గొడుగు లేకుండా బావి దగ్గరికి పోవడానికి లేదు. పెళ్లైన కొత్తలో నా పట్టుచీర మీద పడిన మచ్చ చూసి నేను ఏడుపుమొహం పెడితే అత్త నవ్వింది.

"పురిటికొచ్చిన ఆడపిల్లల్లాంటివే అవి. పుట్టింట్లో కాపోతే ఇంకెక్కడ పాడు సేసుకుంటాయే?" అంది.

కొన్నేళ్లకు ఆ పిచ్చి నాకూ అంటుకుంది. మొదటి కొంగ దిగిన రోజు పాయసం వండటం మొదలుపెట్టింది నేనే.

కిందటేడు వేసవిలో అటవీశాఖ నుంచి కబురొచ్చింది. తోపు యజమానులు ఇష్టపడి రాసిస్తే, దాన్ని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించమని పైకి సిఫారసు చేస్తారట. పట్టా మా పేరునే ఉంటుంది, చింతపండు మాదే. కానీ చెట్టు కొట్టకూడదు, అక్కడ ఇంకేమీ కట్టకూడదు. తోపు అత్త, మా ఆయన, మా బావగారు ముగ్గురి పేరునా ఉంది కాబట్టి ముగ్గురూ సంతకం పెట్టాలి. అత్తా మా ఆయనా పెట్టేశారు. బావగారు పెట్టనన్నారు. అక్కడ కల్యాణమండపం కట్టాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. వానలు తగ్గగానే చెట్లు కొట్టించడానికి మనుషుల్ని కూడా మాట్లాడుకున్నారు. దాంతో అత్త పెద్దకొడుకుతో మాటలు మానేసింది. ఆయన ఎదురుగా పీట మీద కూర్చునుండగానే "మీ బావకి అన్నం ఎట్టు" అని నాకు చెప్పేది.

గూళ్లలో పిల్లలు లేచిన రోజుల్లో, తోపు చూడ్డానికి ఆఫీసరు వస్తున్నారని తెలిసింది. సంతకం పెట్టకపోవడం వేరు, ఇంటికొచ్చిన ఆఫీసరుకు మర్యాద తగ్గడం వేరు. రెండోది బావగారి వల్ల కాదు. ఈ ఇంట్లో బారసాలకైనా ఆయనకు మైకుసెట్టు ఉండాల్సిందే. ఆ పొద్దున నేను ఉప్మా కలుపుతుండగానే షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, రెండు పెద్ద స్పీకర్లు దిగాయి. ఇంత ఊళ్లో వాటికి వేరే చోటే దొరకనట్టు తిన్నగా చింతచెట్ల కిందే పెట్టించారు.

"హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్నారు బావగారు.

తోపంతా లేచిపోయింది. వందల రెక్కల గాలికి షామియానా ఉబ్బింది. చూస్తుండగానే పదకొండు చెట్లూ ఖాళీ అయ్యాయి, గూళ్లలో పిల్లలు మాత్రం మిగిలి అరుస్తున్నాయి. ఏడుపు రావలసిన చోట నాకు నవ్వొచ్చింది. కడుపు పట్టుకుని బావి గట్టున కూలబడ్డాను. మర్యాదకని మైకు పెట్టి, పురిటికొచ్చినవాళ్లను తరిమేసిన ఇల్లు లోకంలో మాదొక్కటే అయ్యుంటుంది.

అన్ని నెలల తర్వాత అత్త పెద్దకొడుకుతో మొదటిసారి మాట్లాడింది. "ఏటి సేసినావురా? తల్లులు లేకపోతే పిల్లలు ఎండకి సచ్చిపోతాయి. ఆ మైకు కట్టీ. ఇంకెవులూ నోరు మెదపకండి."

ఉప్పుడబ్బా అందుకోవడానికి కూడా కేకలేసుకునే కుటుంబం మాది. అలాంటిది అందరం నోళ్లు మూసుకున్నాం. నేను కుక్కరు దించేశాను. మా ఆయన తుమ్మొస్తే ముక్కు నొక్కుకుని వీధిలోకి పరుగెత్తారు. అంతలో కాకులు వచ్చాయి. ఒకటి దిగువ కొమ్మ మీద గూటి అంచున వాలి పిల్లకేసి మెడ సాచింది. అరిచి తోలితే కొంగలు మరి దిగవు. అప్పుడు బావగారు భుజం మీది కండువా తీశారు.

అంత భారీ మనిషి, ఇస్త్రీ తెల్లచొక్కాతో ప్లాస్టిక్ కుర్చీ ఎక్కి కండువా గిరగిరా తిప్పారు. కాకి పక్కచెట్టుకు పోయింది. ఆయన దిగి, కుర్చీ ఎత్తుకుని, ఆ చెట్టు కిందికి పరుగెత్తి మళ్లీ ఎక్కారు. కాకి ఇటొస్తే ఆయనా ఇటొచ్చారు. ఆయాసం తప్ప నోట్లోంచి ఒక్క మాట లేదు. నేను కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతున్నాను, కళ్లంట నీళ్లు కారుతున్నాయి. అందులో సగమే నవ్వువి.

చాలాసేపటికి ఒక కొంగ దిగింది. తర్వాత రెండోది, మూడోది. ఏదో ఒకటి బావగారి భుజం మీదే రెట్ట వేసింది. ఆయన తుడుచుకోలేదు. కుర్చీ మీద అలాగే నిలబడి, చెయ్యెత్తి మమ్మల్ని ఆపుతూ "కదలకండి, దిగనీండి" అని గుసగుసలాడారు. ఆయనకు గుసగుసలాడటం వచ్చని ఆ రోజే తెలిసింది మాకు.

ఆఫీసరు ఎప్పుడొచ్చారో ఎవరమూ చూడలేదు. ఫైలు పట్టుకుని గేటు దగ్గర నిలబడి ఇదంతా చూస్తున్నారు. మెల్లగా నా దగ్గరికొచ్చి, "సంతకం పెట్టనన్న పెద్దబ్బాయి ఇంట్లో ఉన్నారా అమ్మా?" అని అడిగారు.

నేను కుర్చీ మీదికి చూపించాను. ఆయన నమ్మలేదు.

అత్త ఆ ఫైలు తీసుకుని కుర్చీ దగ్గరికి నడిచింది. కాగితం పైకెత్తి పట్టుకుంది. బావగారు మండపం గుమ్మం రావాలనుకున్న చోటికేసి కాసేపు చూశారు. తర్వాత వంగి, అమ్మ చెవి దగ్గర, "పెన్నియ్యమ్మా, బేగి. కాకి మళ్లీ వస్తన్నాది" అన్నారు.