ఈశాన్యపు మోరి

తల్లిదండ్రులు పెట్టిన పేరు మహేశ్వరే గానీ, మొయినాబాద్ చౌరస్తాలో షేర్ ఆటోల వాళ్ల దగ్గర్నుంచి కంకర లారీల వాళ్ల దాకా అందరూ అతన్ని 'అయితది' అనే పిలిచేవాళ్లు. ఎవరు ఏం అడిగినా అతని నోట ముందు వచ్చే మాట అదే. కల్వర్టు స్లాబు ఎల్లుండికి అవుతుందా? అయితది. కరెంటు స్తంభం రెండడుగులు పక్కకు జరపడం అవుతుందా? అయితది. 'కాదు' అనే మాట అతనికి తెలియక కాదు. వేరేవాళ్లు అంటుండగా చాలాసార్లు విన్నాడు.

అది రెండువేల ఆరు. పట్నంలో కంప్యూటర్ కంపెనీలు కొత్త పిల్లల చేతుల్లో జీతాలు కుమ్మరిస్తున్న కాలం. ఆదివారం వచ్చిందంటే చేవెళ్ల రోడ్డు నిండా ప్లాట్లు చూడ్డానికొచ్చే కార్లే. హిమాయత్‌నగర్ ఊరి పక్కన ముప్పై ఎకరాల్లో ఒక వెంచర్ లేచింది. అందులో మహేశ్వర్ తండ్రి శంకరయ్య భూమి రెండెకరాలుంది. భూమి ఇచ్చేటప్పుడు శంకరయ్య పెట్టిన షరతు ఒక్కటే, పిల్లగాడికి అందులోనే నౌకరీ ఇవ్వాలని. సివిల్ డిప్లొమా చదివిన పిల్లగాడే కాబట్టి వెంచర్ ఎండీ సార్ సరేనని 'సైట్ కోఆర్డినేటర్' అని కార్డులు కొట్టించి ఇచ్చాడు. ఆ ఇంట్లో నెల జీతం తెచ్చిన మొదటి మనిషి మహేశ్వరే. వాళ్లమ్మ సుక్కమ్మ ఒక కార్డు తీసుకుని రేషన్ కార్డు పక్కన భద్రంగా పెట్టుకుంది.

"గీ కోఆర్డినేటర్ అంటే ఏం పని కొడుకా?" అని శంకరయ్య అడిగాడు.

"అందరి పని నేను జేపిస్త బాపు."

"మరి నీ పని?"

"గదే నా పని."

శంకరయ్యకు అర్థం కాలేదు. నిజానికి వెంచర్‌లో కూడా చాలామందికి అర్థం కాలేదు. డ్రాయింగ్ గీసేది ఒకరు, రోడ్డు వేసేది ఒకరు, వాన నీళ్ల మోరి తవ్వేది ఇంకొకరు, నీళ్ల పైపు వేసేది మరొకరు. ఎవరికి వాళ్లు తమ పనే ముందు కావాలంటారు. రోడ్డు ముందు వేస్తే పైపు వాడొచ్చి దాన్నే పగలగొడతాడు. ఎవరి తర్వాత ఎవరు రావాలో చూసుకోవడమే కోఆర్డినేటర్ పని. మహేశ్వర్ మాత్రం ముగ్గురినీ సోమవారమే రమ్మన్నాడు. సోమవారం పొద్దున మూడు జేసీబీలు ఎదురెదురుగా నిలబడితే, ముగ్గురు కాంట్రాక్టర్లకూ చాయ్ తాగించి, ఒకరినొకరు తిట్టుకోనిచ్చి, ఎవరు ముందో వాళ్లే తేల్చుకునేదాకా ఓపిగ్గా కూర్చున్నాడు. అలా ఆ గండం గట్టెక్కింది కానీ అసలు గండం వాన నీళ్లతో వచ్చింది.

డ్రాయింగులు గీసే ఇంజనీరు ఈశ్వరరావు గారు గుంటూరు వైపు మనిషి. వచ్చి పదిహేనేళ్లయినా మాట మాత్రం కృష్ణ దాటి రాలేదు. గురువారం గురువారం వచ్చి లెవెల్ మిషన్‌లో కన్ను పెట్టి చూసి పోయేవారు. "ఈ నేల నైరుతికి వాలి ఉందయ్యా. వాగు కూడా అటే ఉంది. నీళ్లు అటే పోవాలి. నీరు పల్లమెరుగు అన్నారు గదా," అని చెప్పారు.

"అయితది సార్," అన్నాడు మహేశ్వర్.

మర్నాడే వినీత్ వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ప్లాట్లు కొన్న ఎనిమిది కుటుంబాల తరఫున మాట్లాడే మనిషి. ఆఫీసులో మిషన్లు నమ్ముతాడు, ఇంటి విషయానికొస్తే సిద్ధాంతిని నమ్ముతాడు. "వాన నీళ్లు ఈశాన్యం నుంచే బయటికి వెళ్లాలటండీ. లేదంటే మా ఎనిమిది ప్లాట్లూ క్యాన్సిల్," అన్నాడు. దానికీ అయితదే. సాయంత్రం ఎండీ సార్ ఫోన్ చేసి, ఆ ఎనిమిది పోతే నువ్వూ వాటి వెంటే పోతావని మర్యాదగానే చెప్పాడు.

ఈశాన్యంలో ప్రహరీ గోడకు అవతల బీరమ్మ అరెకరం ఉంది. కొత్తిమీర వేసింది. గోడ కడుతున్నప్పుడే ఆమె వచ్చి అడిగింది.

"మీ నీళ్లు నా చేన్ల పడతయా కొడుకా? చెప్పు, ఇప్పుడే కట్ట పోసుకుంట."

"పడయి పెద్దమ్మా. ఫికర్ జెయ్యకు. నాది జిమ్మా," అని పూచీ పడ్డాడు మహేశ్వర్.

ముగ్గురికి మూడు మాటలిచ్చి అతను రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మూడో రోజు ఉపాయం తట్టింది. పాము చావదు, కర్ర విరగదు. భూమి లోపల పైపు మోరి ఈశ్వరరావు గారి డ్రాయింగ్ ప్రకారం నైరుతికే పోతుంది. పైన రోడ్డు పక్కన మాత్రం నాపరాళ్లు పరిచిన అందమైన చిన్న కాలువ ఈశాన్యానికి పోతుంది, దాని చివర గోడకు ఒక కన్నం. కింద ఇంజనీరింగ్, పైన వాస్తు. పడ్డ నీళ్లు పడ్డట్టే రోడ్డు మీది ఇనుప జాలీల్లోంచి కింది పైపులోకి దిగిపోతాయి, పై కాలువలో పారేది చెంబెడే, బీరమ్మకు తెలియను కూడా తెలియదు అనుకున్నాడు. తన తెలివికి తానే మురిసిపోయి ఆ పూట రెండు ప్లేట్ల బిర్యానీ తిన్నాడు.

మొరం పోసే కాంట్రాక్టర్ స్వామిదాసును పిలిచి, "అన్నా, రోడ్డుకు జర ఈశాన్యం దిక్కు వాటం పెట్టు," అన్నాడు.

"ఎంత పెట్టాలె?"

"గా సార్లకు కనిపియ్యాలె, అంతే."

పొరపాటంతా ఆ ఒక్క మాటలో జరిగిపోయింది. నీళ్లు పారడానికి అంగుళం వాటం చాలు. మనిషి కంటికి కనిపించాలంటే అడుగులు కావాలి. స్వామిదాసు నిజాయితీపరుడు. నైరుతిలో మొరం పోయించి, దూరంగా నిలబడి చూసి, కనిపించడం లేదని ఇంకా పోయించాడు. పచ్చిగా చెప్పాలంటే ముప్పై ఎకరాలను చేటలా ఎత్తి ఈశాన్యానికి వంచేశాడు. ఆ గురువారం రాలేక ఈశ్వరరావు గారు ఫోన్‌లో అడిగితే, "మీ డ్రాయింగ్ ప్రకారమే సార్," అన్నాడు మహేశ్వర్. అది అబద్ధమూ కాదు, భూమి లోపల అలాగే ఉంది మరి.

జూన్‌లో ఒక ఆదివారం, ఎనిమిది కుటుంబాలు ప్లాట్లు చూడ్డానికొచ్చి షామియానా కింద ఉండగా వాన దంచికొట్టింది. నీళ్లు రోడ్డంతా జారి, జాలీల మీదుగా ఆగకుండా దూకి, నాపరాళ్ల కాలువలో చేరి ఈశాన్యానికి పరుగెత్తాయి. వినీత్ చప్పట్లు కొట్టాడు. అతని భార్య శ్రీయ ఫొటోలు తీసింది. "సూపరండీ మహేశ్వర్ గారూ!" అన్నారు. మహేశ్వర్ పొంగిపోయాడు. ఇంతలో గోడ అవతల ఎవరో పిలిచినట్టయింది.

కన్నం దగ్గర వంగి చూశాడు. అవతల కొత్తిమీర కనపడటం లేదు. పిక్కల లోతు ఎర్రనీళ్లలో బీరమ్మ నిలబడి ఉంది. రెండు రోజులైతే కోసి మెహిదీపట్నం రైతుబజారుకు పంపాల్సిన పంట. ఆమె తిడుతుందనుకున్నాడు, తిట్టలేదు.

"నువ్వు జిమ్మా అన్నవని కట్ట పొయ్యలేదు కొడుకా," అంది.

మహేశ్వర్‌కు సిగ్గుతో ఒళ్లంతా కాలింది. చెంప మీద కొట్టినా అంత బాధ ఉండేది కాదు. పక్కనున్న మొరం బస్తా ఎత్తి కన్నానికి అడ్డంగా కుక్కాడు. ఇంకోటి కుక్కాడు. మూడోది కూడా పెట్టేసరికి నీళ్లు ఆగి, వెనక్కి తిరిగి, మెల్లగా షామియానా దారి పట్టాయి. శ్రీయ చెప్పులు చేతిలోకి తీసుకుంది.

"ఏం చేస్తున్నారండీ? ఈశాన్యం మూస్తారా ఎవరైనా?" అని వినీత్ గొడుగుతో పరుగెత్తుకొచ్చాడు. "తీసేయండి. ఆవిడ పొలం సంగతి తర్వాత చూద్దాం. అవుతుంది కదా?"

మహేశ్వర్ నోరు అలవాటుగా తెరుచుకుంది. 'అ' దాకా వచ్చి ఆగింది. ఉద్యోగం గుర్తొచ్చింది, బాపు గుర్తొచ్చాడు. అయినా ఆ బస్తాల మీద ఎక్కి కూర్చున్నాడు.

"కాదు సార్," అన్నాడు.

వినీత్ అక్కడికక్కడే ఎండీ సార్‌కు ఫోన్ చేసి, చెప్పాల్సింది చెప్పి, ఫోన్ మహేశ్వర్ చేతిలో పెట్టాడు.

"ఏం లొల్లి అది? గా బస్తాలు తీసెయ్యి. అయిదు నిమిషాల్ల అయితది గదా?" అన్నాడు ఎండీ సార్.

"కాదు సార్. మొరం తోడి వాటం మార్చాలె. నీళ్లు వాగుకే పోవాలె."

"ఎవరు మాట్లాడేది?" అన్నాడు ఎండీ సార్ చిరాగ్గా. "ఫోన్ మహేశ్వర్‌కియ్యి."

"నేను మహేశ్వర్‌నే సార్," అన్నాడు. సారు నమ్మాడో లేదో అని మళ్లీ ఒకసారి అన్నాడు. "కాదు."