కోరంగి ఓడల తాగుడు కథలు, మా బావ

మొన్న ఆదివారం న్యూయార్క్ రేవుకి పాతకాలపు తెరచాప ఓడలు వచ్చాయంటే అక్కయ్యను తీసుకెళ్లాను. తెల్లటి తెరచాపలు విప్పుకుని అవి ఒక్కొక్కటే వస్తుంటే జనం కేరింతలు కొడుతున్నారు గానీ, అక్కయ్య మాత్రం కాసేపు రెయిలింగ్ పట్టుకుని చూసి, ఇంటికి పోదాం పదమంది. ఎందుకో నాకు తెలుసు. మా బావ బతికుంటే సాయంత్రం దాకా అక్కణ్ణించి కదిలేవాడు కాదు.

బావ ముత్తాత కోరంగి రేవులో సరంగు, అంటే ఓడ కళాసీలందరికీ పెద్ద. ఆవిరి ఓడలు రాకముందు గాలిని నమ్ముకుని రంగూన్ దాకా వెళ్లొచ్చిన ఆ మనుషుల తాగుడు కథలే బావకు దక్కిన పిత్రార్జితం. కాలింగ్ కార్డులు గీకి ఇండియాకి ఫోన్లు చేసుకున్న ఆ రోజులు మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో న్యూయార్క్‌కి దగ్గర్లోని పిస్కాటవేలో శనివారం వచ్చిందంటే అక్కయ్య వాళ్ల బేస్‌మెంట్‌లో స్నేహితులమంతా చేరేవాళ్లం, బావ గ్లాసు పట్టుకుని మొదలుపెట్టేవాడు. రంగూన్‌లో పూటుగా తాగి వేరే ఓడెక్కి పడుకున్న కళాసీ ఒకడు, తెల్లారి లేచి చూస్తే చుట్టూ సముద్రమే ఉందట, రేవును ఎవరో ఎత్తుకుపోయారని లబలబలాడాడట. సరంగు ఓడలో సారా బంద్ చేస్తే, కళాసీలు కొబ్బరిబోండాల్లో నీళ్లు పారబోసి సారా నింపుకుని ఎక్కారట. కుర్రాళ్లు బుద్ధిమంతులయ్యారని సరంగు మురిసిపోతుంటే, పొద్దుగూకేసరికి ఒక్కడికీ తాడు ముడి వెయ్యడం చేతకాలేదట. మేం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లం. అక్కయ్య మెట్ల మీద నుంచే ఓ చూపు చూసి విసవిసా వెళ్లిపోయేది.

కథలతో పాటు గ్లాసులూ పెరిగాయి. చివరికి కాలేయం పాడైంది, మార్చాల్సిందేనన్నారు డాక్టర్లు. కొత్త కాలేయం కోసం లిస్టులో పేరు ఎక్కాలంటే ఆరు నెలలు చుక్క ముట్టకూడదు, ఆ సంగతి పరీక్షల్లో తేలాలి. బావ నిజంగానే మానేశాడు. శనివారాలు మజ్జిగ గ్లాసు పట్టుకుని అవే కథలు చెప్పేవాడు, వింటే నవ్వొచ్చేది, మనిషిని చూస్తే ఏడుపొచ్చేది. పెళ్లయిన ఇన్నేళ్లకు అక్కయ్య మెట్లు దిగొచ్చి ఆయన పక్కన కూర్చుని వినడం మొదలుపెట్టింది.

ఆకలి చచ్చి చిక్కిపోతున్నాడని ఆవిడే ఐసెలిన్‌లో మనవాళ్ల షాపుకెళ్లి ద్రాక్షారిష్టం కొనుక్కొచ్చింది. నీరసం అంటే చాలు అరిష్టం పట్టించడం మన ఇళ్లల్లో మామూలే కదా. భోజనం కాగానే దగ్గరుండి చిన్న గ్లాసుడు తాగించేది. అది పులియబెట్టి చేసే మందనీ, అందులోనూ ఆల్కహాల్ ఉంటుందనీ మాలో ఒక్కరికీ తట్టలేదు.

చివరి పరీక్షకు నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్లాను. దొరికిపోయాడు. మందు సంగతి చెప్పి బతిమాలాను, నర్సు పాపం నమ్మింది కూడా, కానీ రూలు రూలే, ఆరు నెలలూ మళ్లీ మొదటి నుంచి. కారెక్కాక బావ పగలబడి నవ్వాడు. “బోండాం కథ చివరికి నాకే తగిలింది చూశావట్రా!” అన్నాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, “మీ అక్కకి తెలిస్తే బతకదురా. చెప్పావంటే నా మీదొట్టే,” అన్నాడు.

ఇంటికి రాగానే, ఫ్రెండ్ ఇంట్లో ఓ పెగ్గు పుచ్చుకున్నానని తనే అక్కయ్యతో చెప్పేశాడు. ఆ మందు ఘాటు ఇక భరించలేనంటూ సీసా సింకులో ఒంపేశాడు. అక్కయ్య అరవలేదు, ఏడవలేదు. వేళకి అన్నం పెట్టేది, మాత్రలిచ్చేది, మాట్లాడడం మాత్రం మానేసింది. రెండో గడువు నిండకుండానే బావ వెళ్లిపోయాడు.

ఆ బేస్‌మెంట్‌లో ఇప్పుడో ట్రెడ్‌మిల్ ఉంది. మాలో సగం మంది బీపీ, షుగర్ల భయంతో తాగుడు మానేశారు, మిగతావాళ్లు ఊళ్లు మారిపోయారు. ఎప్పుడైనా కలిసినా ఎవరి ఫోన్ వాళ్లు చూసుకోవడమే, అలా పగలబడి నవ్వి ఎన్నాళ్లయిందో.

ఏటా తద్దినం నాడు, వచ్చినవాళ్లు భోంచేసి వెళ్లాక, అక్కయ్య వంటింట్లో గిన్నెలు సర్దుతూ అదే మాట అంటుంది.

“ఒక్క పెగ్గురా. నా కోసం ఆ ఒక్కటి ఆపుకోలేకపోయాడు మీ బావ.”

“అవునక్కా,” అంటాను. “ఆపుకోలేకపోయాడు.”