ట్యూనా ఆయనది, మొక్కు నాది

మా ఆయన స్నేహితులతో విశాఖ వెళ్లి, పడవ అద్దెకు తీసుకుని నడిసముద్రంలో గాలం వేశారు. ఈత రాని మనిషి. నాకేమో భయం. క్షేమంగా వస్తే నెలరోజులు ఆయన చేత నీసు మాన్పిస్తానని హనుమంతుడికి మొక్కుకున్నాను.

ఈ రోజు పొద్దున ఐసు డబ్బాలో ట్యూనా చేపతో నాచారంలో మా ఇంటి ముందు దిగారు.

"మహీ మహీ చేప గాలం తెంపుకొని పోయింది గానీ దీన్ని ఇడవలే. జర పులుసు పెట్టు!"

మెల్లగా మొక్కు సంగతి చెప్పాను.

"మొక్కింది నువ్వు, మానేది నేనా? గిదెక్కడి న్యాయమే?"

"సముద్రంల ఉన్నది మీరే గదా!"

చేప పక్కింటావిడకు ఇచ్చేశాను. మధ్యాహ్నం ఈయన వాళ్ల గుమ్మంలో నిలబడి, "పులుసు ఎట్లుంది చెల్లే?" అని రెండుసార్లు అడిగారు. ముక్క మాత్రం ముట్టలేదు.

జాలేసింది. ఈసారి నా నోరే కట్టుకుంటానని మొక్కుతాను. మీరైతే ఎవరి నోరు కడతామని మొక్కేవారు?